పిట్ట ఎంచిన షాకబ్జర్లు

ఆ ఇంట్లో పిట్ట మాటకు విలువ రావడానికి కారణం ఒక కాలు.

అంతకుముందు ఆమె మాట పెరట్లో కోడి కూడా వినేది కాదు. చెంబు కింద పడ్డా ఉలిక్కిపడుతుందని, పెళ్లయిన కొత్తలో మొగుడు పెట్టిన పేరు పిట్ట. పెట్టినవాడు ముద్దుగానే పెట్టాడు గానీ, అత్తగారి నోట పడ్డాక ఆ పేరుకు ముళ్లు మొలిచాయి. "మా పిట్టకి మబ్బు పట్టకముందే జలుబు చేస్తుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. పాప దగ్గితే పిట్టకు కంటిమీద కునుకుండేది కాదు. పాప హాయిగా పడుకుంటే ఊపిరాడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలుపెట్టి చూసేది. ఆ వేలు తగిలి పాప లేచి రాగం తీస్తే, "పడుకున్న పిల్లని లేపి మరీ ఏడిపించే తల్లిని నిన్నే చూశానే" అని అత్తగారు నెత్తి కొట్టుకునేది.

పాపను అందరూ బుడంకాయ అనేవాళ్లు. ఆ బుడంకాయ ఆలస్యంగా నడిచింది. నడిచినప్పుడు ఒక పక్కకు ఒరిగి, లేచి, మళ్లీ ఒరిగి నడిచేది. వాకిట్లో నడిపించి, "బాతు వచ్చె, బాతు వచ్చె" అని తండ్రి చప్పట్లు కొట్టేవాడు. అత్తగారు పకపకా నవ్వేది. పిట్ట ఒక్కతే నవ్వలేదు. స్నానం చేయించేటప్పుడు పాప రెండు కాళ్లూ చాపి పక్కపక్కన పెట్టి చూసింది. ఎడమ తొడ మీద ఒక మడత ఎక్కువుంది. మడమలు కలవడం లేదు.

చెప్పింది. "నడక నేర్చే పిల్లలందరూ అంతే" అన్నాడు మొగుడు. మళ్లీ చెప్పింది. "నువ్వు కొలిచి కొలిచి దాని కాలు అరగదీస్తావు" అన్నది అత్తగారు. చెబుతూనే ఉంది. ఈ పోరు పడలేక ఒకరోజు పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తే, ఎముకల డాక్టరు ఫొటో తీయించి, దీపం ముందు పట్టుకుని చూపించాడు. తుంటి గూట్లో ఉండాల్సిన తొడ ఎముక గూటి బయట ఉంది. పుట్టినప్పటి నుంచీ బయటే ఉంది.

"ఇంత ఆలస్యం చేశారేం? ఇంకా ముందే తేవాల్సింది కదమ్మా" అన్నాడు డాక్టరు, పిట్ట వైపు చూసి.

పిట్ట మొగుడి వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే అతనికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఆపరేషను చేసి ఎముకను గూట్లోకి తెచ్చారు. రొమ్ము కింద నుంచి ఒక కాలు పాదం దాకా, ఇంకో కాలు మోకాలి దాకా, కాళ్లు రెండూ ఎడంగా పెట్టి సిమెంటు కట్టు వేశారు. "గూడు ఇంకా లోతు తక్కువ. కట్టే దాన్ని పట్టుకుని ఉండాలి. రెండు వారాలకోసారి తెచ్చి చూపించండి. కుదుపులు తగలనివ్వకండి" అన్నాడు డాక్టరు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో పాప సంగతి ఏదొచ్చినా పిట్ట మాటే మాట. ఏ వైపు తిప్పి పడుకోబెట్టాలి, కిటికీ తెరవాలా మూయాలా, అంతా ఆమె చెప్పినట్టే. అత్తగారయితే పక్కింటావిడతో, "దాని భయం ఉత్త భయం కాదమ్మా, ముందే తెలిసిపోతుంది దానికి" అని గొప్పగా చెప్పేది. వెక్కిరించిన నోరే పొగుడుతుంటే ఆ పొగడ్త ఎక్కడ పెట్టుకోవాలో పిట్టకు తెలిసేది కాదు. అవమానం పాత చీరలాంటిది, ఒంటికి అలవాటైపోతుంది. ఈ గౌరవమే కొత్తది, గుచ్చుకునేది.

ఇక దారి సంగతి. వాళ్ల ఇళ్లకీ పట్నానికీ మధ్య ఒక ఏరు ఉంది. పోయిన వానల్లో దాని మీది వంతెన కొట్టుకుపోయింది. కొత్తది కడతామని రెండు స్తంభాలు లేపి వదిలేశారు. అప్పటి నుంచి బండ్లన్నీ ఏట్లోకి దిగి, గుండ్రాళ్ల మీద నడిచి, అవతల గట్టెక్కాల్సిందే. మామూలు కార్లు అటు కన్నెత్తి చూడవు. పిట్ట మొగుడిది నాలుగు చక్రాలూ లాగే జీపు. కరెంటు టవర్ల దగ్గరికి మనుషుల్నీ ఇనప సామాన్నీ చేరవేసే పని. ఆ జీపులోనే ఆపరేషనైన పాపను ఇంటికి తెచ్చారు. ఏటి మధ్యలో బండి పొట్ట ఒక రాతి మీద కూర్చుండిపోయింది. మనుషులు వచ్చి తోసేదాకా నీళ్లు తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చాయి. పిట్ట పాపను రెండు చేతుల మీద ఎత్తి పట్టుకుని నిలబడింది. తడిస్తే కట్టు మెత్తబడిపోతుందని ఆమె భయం. చేతులు మూడు రోజులు లేవలేదు.

"వానలు ముదిరితే ఇంకా పెరుగుతుంది నీరు. బండి లేపించాల్సిందే" అన్నాడు మొగుడు. పట్నంలో తెలిసినవాళ్లెవరూ లేరు పాపను ఉంచడానికి. ఏరు దాటక తప్పదు, దాటితే బండి ఎత్తుండక తప్పదు.

అలా ఇద్దరూ పట్నంలో, బండ్ల కింద స్ప్రింగు పట్టీలు బిగించే కమాన్ల మేస్త్రి షాపుకు వెళ్లారు.

షాపంటే రేకుల షెడ్డు. గోడలకు కమాను పట్టీలు కట్టలు కట్టలుగా వేలాడుతున్నాయి. నేల నల్లగా, జిడ్డుగా, చెప్పు వేస్తే పట్టుకుని వదలడం లేదు. మేస్త్రి పొట్టిగా, బొద్దుగా, బనీను మీద నూనె మరకలతో ఉన్నాడు. బండిని చూడకముందే ప్రశ్న వేశాడు.

"బండిలో ఎప్పుడూ ఉండే బరువెంత?"

"ఒకరోజు ఇనుము, ఒకరోజు గాలి" అన్నాడు పిట్ట మొగుడు.

"ఎంత లేపాలి?"

"ఏట్లో రాయి తగలకుండా లేస్తే చాలు."

"బతికించారు. ఇక్కడికొచ్చే కుర్రాళ్లు అయిదంగుళాలు లేపు, ఆరంగుళాలు లేపు అంటారు. వాళ్లు లేపమనేది బండిని కాదు, మీసాన్ని" అని నవ్వి, మేస్త్రి బండి కిందికి దూరాడు. లోపలి నుంచే మాట్లాడాడు. "రెండంగుళాలు లేపుదాం. అంతకన్నా లేపితే మలుపులో పక్కకి పడుకుంటుంది. కమాన్లు కొత్తవి, వంపెక్కువున్నవి వేద్దాం. మరీ మొండివి కాదు, మీకు ఖాళీ తిరుగుళ్లు కూడా ఉన్నాయి కాబట్టి. బండి లేస్తే పాత షాకబ్జర్ల పొడవు చాలదు, అవీ మార్చాలి. బ్రేకు గొట్టాలు కూడా పొడుగువి వేస్తాను, లేకపోతే చక్రం గుంటలోకి వేలాడినప్పుడు తెగి కూర్చుంటాయి."

పిట్టకు ఆ మాటల్లో తెగడం ఒక్కటే వినబడింది. "అన్నా, పాపకి కట్టుంది. నడుం నుంచీ సిమెంటే. కుదుపు తగలకూడదన్నారు" అన్నది.

మేస్త్రి బయటికొచ్చి ఆమెను చూశాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని, లోపలి నుంచి రెండు షాకబ్జర్లు తెచ్చి నేల మీద నిలబెట్టాడు. ఒకటి లావుగా ఉంది. ఇంకోటి సన్నంగా, నల్లరంగుది.

"లావుదాంట్లో నూనెతో పాటు గ్యాసు కూడా ఉంటుంది. సన్నదాంట్లో వట్టి నూనె. నేనైతే లావుదే వేస్తాను."

పిట్ట వంగి లావుదాని మీద అరచేయి పెట్టి నొక్కింది. కదల్లేదు. రెండు చేతులూ పెట్టింది. ఒళ్లంతా మోపితే కసురుకున్నట్టు కాస్త దిగింది. వదిలిందో లేదో, చేతుల్ని పైకి తోసుకుంటూ తిరిగి లేచింది. పిట్ట అడుగు వెనక్కి వేసింది. మాట వినని పిల్లలా ఎదురుతిరిగింది అది. తర్వాత సన్నదాన్ని నొక్కింది. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. వదిలినా లేవకుండా బుద్ధిగా అక్కడే కూర్చుంది.

మళ్లీ నొక్కి చూసింది. ఆ లావుదాని మీద తన బిడ్డను పడుకోబెట్టడమా?

"ఇదే కావాలి. మెత్తగా ఉంది" అన్నది.

"అమ్మా, చేత్తో నొక్కి చూడ్డానికి ఇది పరుపు కాదు. కమాను పని లేపడం, షాకబ్జరు పని ఆపడం. కొత్త కమాన్లు గట్టిగా లేపుతాయి. ఆపేవాడు మెతకైతే..."

"ఆమె చెప్పిందే వెయ్యి" అన్నాడు మొగుడు.

"అది కాదన్నా..."

"ఒకసారి ఆమె మాట వినక అనుభవిస్తున్నాను. పాప విషయంలో ఇంక నాకు మాట లేదు. ఆమె చెప్పిందే వెయ్యి."

మేస్త్రి ఇద్దరి మొహాలూ చూశాడు. మొగుడూ పెళ్లాల మధ్య ఏదో ఉందని తెలిసినవాడిలా తలూపి, "బండి మీది, బిడ్డ మీది. మెల్లగా నడుపుకోండి మరి" అని లావుదాన్ని తీసుకుని లోపలికి వెళ్లాడు.

వచ్చేటప్పుడు ఏట్లో నీరు పల్చగా, రాళ్లు కనబడుతూ ఉంటే, వాటిని తప్పించుకుంటూ మెల్లగా దాటారు. ఆ సాయంత్రం బండి ఇంటి ముందు ఆగితే అత్తగారు గడపలో నిలబడి నోరు తెరిచింది. "ఇదేం పెళ్లికొడుకురా, గుర్రమెక్కి వచ్చాడు? నేనెక్కాలంటే నిచ్చెన వెయ్యాలి" అన్నది. ఎక్కించి చుట్టుపక్కల తిప్పారు. తారు రోడ్డు మీద బండి ఊయల్లా తేలిపోయింది. గతుకు వస్తే మెల్లగా లేచి, మెల్లగా దిగింది. "నీ చెయ్యి మంచిదే పిల్లా, పరుపు మీద పడుకున్నట్టుంది" అన్నది అత్తగారు. మొగుడు అద్దంలోంచి పిట్టను చూసి నవ్వాడు. చాలా కాలానికి నవ్వాడు అలా, తప్పు కాస్త తీరినవాడిలా. పిట్ట కూడా నవ్వింది. తన చేతిని ఒళ్లో తిప్పి చూసుకుంది.

చూపించాల్సిన రోజు వచ్చేసరికి వాన పడి వెలిసింది. వెనక సీట్లు తీసేసి పరుపు వేశారు. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, కట్టు కదలకుండా రెండు పక్కలా దుప్పట్లు చుట్టి దూర్చింది పిట్ట. తాను పక్కనే కింద కూర్చుంది. అత్తగారు ముందు సీట్లో.

ఏటి గట్టు దాకా ఏమీ లేదు. పాప రేకు కప్పు మీది చిల్లు చూసి, అందులోంచి వచ్చే వెలుగును వేలితో పట్టుకోబోయింది.

ఏట్లోకి దిగారు. నీళ్లు ఎర్రగా, రాళ్లు కనబడకుండా ఉన్నాయి. మొదటి రాయి ఎక్కింది బండి. ముందు భాగం లేచింది, దిగింది. అక్కడితో ఆగాలి. ఆగలేదు. మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. ఆ ఊపు చల్లారకముందే రెండో రాయి వచ్చింది. ఆ ఊపు మీద ఈ ఊపు. బండి ముందుకీ వెనక్కీ, తర్వాత పక్కలకీ ఊగడం మొదలుపెట్టింది, నడివయసు తాగుబోతులా. మొగుడు వేగం తగ్గించాడు. తగ్గిస్తే చక్రాలు రాళ్ల మధ్య కూరుకుంటున్నాయి. పెంచాడు. పెంచితే వెనక భాగం పైకి లేచి, పడి, అడుగున ఎక్కడో ఇనుము ఇనుముకు దబ్బున కొట్టుకుంది.

"మెల్లగా!" అని అరిచింది పిట్ట.

"మెల్లగానే వెళ్తున్నానే!"

"అమ్మా, బండిని పట్టుకో" అన్నది పాప.

పిట్ట బండిని ఎక్కడ పట్టుకుంటుంది? పాప మీదికి వంగి రెండు చేతులతో కట్టును పట్టుకుంది. సిమెంటులో ఉన్న ఒళ్లు ఒంగదు, నలగదు. బండి ఊగినప్పుడల్లా చెక్కముక్కలా మొత్తంగా లేచి మొత్తంగా పడుతోంది. దుప్పట్లు జారిపోయాయి. గట్టెక్కే చోట ఆఖరి రాయి మీద వెనక భాగం ఎగిరి పడింది. అప్పుడు వినబడింది పిట్టకు. పెంకు చిట్లినట్టు చిన్న చప్పుడు. పాప ఏడవలేదు. ఊపిరి బిగబట్టి తల్లి మొహంలోకి చూసింది. తర్వాత ఏడ్చింది.

గట్టు మీద ఆపి చూస్తే, తొడ నడుమును కలిసే చోట కట్టు మీద వెంట్రుకంత గీత. అత్తగారు "చిన్నదేలే" అన్నది. ఎవరూ నమ్మలేదు. ఆమె కూడా.

ఆసుపత్రిలో కొత్త ఫొటో తీశారు. డాక్టరు దాన్ని పాత ఫొటో పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఎముక గూట్లోంచి జారింది. పూర్తిగా కాదు గానీ జారింది. మళ్లీ మత్తిచ్చి సరిచేయాలి, మళ్లీ కట్టు వేయాలి. వారాల లెక్క మళ్లీ మొదటి నుంచి.

"బండి కుదుపుకేనా డాక్టరుగారూ?" అని అడిగింది పిట్ట.

"చెప్పలేమమ్మా. పిల్ల కాస్త చిక్కింది, కట్టు వదులైంది. వదులైతే దానంతటదే జారొచ్చు. కుదుపు వల్ల కావచ్చు, కాకపోవచ్చు."

మంచి మనిషి, ఊరటగానే అన్నాడు. కానీ అవుననేస్తే ఏడ్చి ఊరుకునేది. కాదంటే ఊపిరి పీల్చుకునేది. కావచ్చు కాకపోవచ్చు అన్నది గొంతులో ఇరుక్కున్న ముల్లు, మింగుదామన్నా దిగదు, కక్కుదామన్నా రాదు.

పాపకు కొత్త కట్టు వేశారు. అది ఆరేదాకా ఆసుపత్రిలోనే ఉంచారు. పొడుగాటి గది, ఇటో వరస మంచాలు, అటో వరస మంచాలు. గోడకు పచ్చరంగు సగందాకా వేసి వదిలేశారు. ఎవరూ పిట్టను ఒక్క మాట అనలేదు. మొగుడు అనలేదు. అత్తగారు అసలే అనలేదు. పైగా, "తిన్నావా, కాస్త నడుం వాల్చు, నేను చూస్తాను" అని మెల్లగా మాట్లాడేది. పిట్ట గోడవైపు తిరిగి పడుకుని, ఒక్కసారి తిట్టరాదా అనుకునేది. బాతు నడక అని నవ్విన రోజుల్లో కనీసం గదిలో చప్పుడుండేది. అప్పుడు తాను ఒక్కతే సరైనది, అందరూ తప్పు. ఇప్పుడు అందరూ కలిసి తన తప్పును దుప్పటి కప్పి దాచిపెడుతున్నారు, దాని కాళ్లు బయటికి కనబడుతూనే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం ఆపుకోలేక తానే అన్నది. "అత్తయ్యా, మీరు నన్ను తిట్టడం మానేశారేం?"

అత్తగారు పాప చేతికి బొమ్మ అందిస్తూ, "ఏ మొహం పెట్టుకుని తిట్టను? ఆ కాలు చూసి నవ్విందాన్ని నేను. ఇప్పుడు నిన్నంటే మధ్యలో నా నాలుక కాలదూ?" అన్నది. పాప జుట్టు సవరించి, "అయినా ఆ షాపువాడి మాట వినాల్సింది" అన్నది. అని నాలుక కరుచుకుంది. పిట్టకు ఆ మాట గుచ్చుకుంది, గుచ్చుకున్నందుకు కాస్త తేలికపడింది కూడా.

కట్టు ఆరిందన్న రోజున పాప దగ్గర అత్తగారిని కూర్చోబెట్టి, ఇద్దరూ మళ్లీ మేస్త్రి షాపుకు వెళ్లారు. మొగుడు జరిగింది చెప్పాడు. మేస్త్రి "నేను ముందే చెప్పాను" అనలేదు. బండి ముందుకెళ్లి, బంపరు మీద మోకాలు మోపి గట్టిగా నొక్కి వదిలాడు. బండి లేచింది, దిగింది, లేచింది, దిగింది, చివరికి అలిసిపోయి ఆగింది.

"చూశారా, దీనికి ఆగడం రాదు" అన్నాడు.

"చేతికి మెత్తగా ఉందన్నా" అన్నది పిట్ట, తనలో తాను అనుకుంటున్నట్టు.

"ఉంటుందమ్మా. మీరు నిదానంగా నొక్కారు. రాయి నిదానంగా నొక్కదు. ఒక్కసారి కొడుతుంది. ఆ దెబ్బ తిని నిలబడి, మళ్లీ ఎగరనివ్వకుండా పట్టుకోవాలి. మెతకది పట్టుకోలేదు."

లావు షాకబ్జర్లు నాలుగూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొగుడు అలవాటుగా పిట్ట వైపు తిరిగాడు.

"ఏమంటావు?"

పిట్ట చేతులు కొంగులో దాచుకుంది. ముట్టుకోలేదు. "నన్నడక్కండి" అన్నది.

"నిన్నడక్క ఎవరినడగను? పాప దగ్గర కూర్చునేది నువ్వు."

"అందుకే అడగొద్దంటున్నా. నాకు తెలుసనుకున్నారు మీరు. నేనూ అనుకున్నాను. కాలు కనిపెట్టానని అన్నీ కనిపెడతాననుకున్నాను. నాకు భయం తప్ప ఏమీ తెలీదు."

మొగుడు తల దించుకున్నాడు. "మరి నేను? నీ మీద పెట్టేసి చేతులు దులుపుకున్నాను. మళ్లీ తప్పు చేస్తానేమోనని" అన్నాడు. మేస్త్రి వాళ్ల మాటలు తనకు వినబడనట్టు పానా తీసుకుని చక్రం దగ్గర కూర్చున్నాడు.

"ఇవే వెయ్యన్నా" అన్నాడు మొగుడు. "కానీ పాపని ఎక్కించేముందు ఏట్లో ఒకసారి దింపి చూస్తాను."

"చూడండి. అదే మంచిది" అన్నాడు మేస్త్రి. "గట్టిగానే ఉంటుంది సుమా. మెత్తగా ఉంటుందని నేను చెప్పను."

బిగించేసరికి పొద్దు వాలడం మొదలైంది. ఇద్దరే ఏటి దగ్గరికి వెళ్లారు. నీరు ఇంకాస్త పెరిగింది. కట్టీ కట్టని వంతెన స్తంభాల మీద కాకులు వాలి ఉన్నాయి. దిగేముందు మొగుడు బండి ఆపాడు.

"పాపని నలుగురితో మంచం మీద మోయించి దాటిస్తే?" అని అడిగింది పిట్ట.

"మోకాళ్ల లోతే గానీ విసురుంది. కింద గుండ్రాళ్లు. ఒక్కడి కాలు జారితే?"

పిట్ట దిగి, వెనక తలుపు తీసి లోపలికెక్కింది. పరుపు మీద, పాప పడుకునే చోట, పాప తల ఉండే వైపే తల పెట్టి వెల్లకిలా పడుకుంది. కాళ్లు పట్టక మడుచుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"మీరు నడపండి. నేనున్నానని చూసుకోకండి. పాప ఉంటే ఎలా నడుపుతారో అలా."

బండి ఏట్లోకి దిగింది. పడుకుంటే ఏమీ కనబడదు. రేకు కప్పు, కప్పుకు కొట్టిన మేకులు, అంతే. ఎప్పుడు ఏ రాయి వస్తుందో తెలీదు. ఇన్నిసార్లు పాప పక్కన కూర్చుంది గానీ, పాప చూసేది ఇదని పిట్టకు అప్పటిదాకా తెలీదు. నీళ్లు నేల రేకు కింద గరగర పారుతున్నాయి. చెవికి జానెడు దూరంలో.

రాయి తగిలింది. వీపు మీద ఎవరో అరచేత్తో చరిచినట్టు. పళ్లు కలిసి టక్కుమన్నాయి. పిట్ట రెండో ఊపు కోసం ఒళ్లు బిగబట్టింది. రాలేదు. బండి నిలబడింది. తర్వాత ఇంకో రాయి, ఇంకో చరుపు. మళ్లీ అంతే. మధ్యలో ఏమీ లేదు. తల కింద పరుపు, పరుపు కింద నేల, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అవతల గట్టు దగ్గర తిప్పి మళ్లీ ఇవతలికి వచ్చారు. ఇంజను ఆపి మొగుడు వెనక్కి తిరిగాడు.

"ఎలా ఉంది?"

పిట్ట లేవలేదు. కళ్ల పక్కల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"దెబ్బ తగులుతోంది."

"పోనీ వద్దంటావా?"

"దెబ్బ తగులుతోంది. ఒక్కటే. అక్కడితో ఆగుతోంది."

"అంటే పాపకి ఫర్వాలేదా?"

అతని గొంతులో ఆశ ఉంది. ఫర్వాలేదని ఒక్క మాట అంటే అతను ఊపిరి తీసుకుంటాడు. బాతు నడక నాటి నుంచి ఈ ఇంట్లో అందరూ ఆమె నోటి నుంచి అలాంటి మాటే కోరుతున్నారు. పిట్ట లేచి కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"తెలీదండీ. నిజంగా తెలీదు. కానీ తీసుకొద్దాం. ఇద్దరం కలిసే తీసుకొద్దాం."

మర్నాడు పొద్దున పాపను తెచ్చారు. అత్తగారు ముందు సీటు వద్దని తానూ వెనకే ఎక్కి, పాపకు అటుపక్క దుప్పటి బదులు తానే ఆనుకుని కూర్చుంది. "ఇంత ఒళ్లు పెంచింది ఇందుకే" అన్నది. నవ్వొస్తుందని అన్నది గానీ ఎవరికీ రాలేదు. పాప ఆసుపత్రిలో ఎవరో ఇచ్చిన ఖాళీ మాత్రల డబ్బాను గలగలలాడిస్తూ పడుకుంది.

ఏరు వచ్చింది. "దిగుతున్నా" అని చెప్పాడు మొగుడు. ఇంతకుముందు ఎప్పుడూ చెప్పేవాడు కాదు. ప్రతి రాయికీ ముందు "ఇదిగో" అన్నాడు, కనబడిన వాటికీ కనబడని వాటికీ. చరుపు తగిలినప్పుడల్లా పాప కళ్లు గట్టిగా మూసుకుని తెరిచింది. డబ్బా చేతిలోంచి జారింది. నాలుగో రాయో అయిదో రాయో, ఏడ్చింది. అది నొప్పి ఏడుపో, బెదురు ఏడుపో పిట్టకు తెలీలేదు. తల్లికి తెలుస్తుందంటారు. తెలీలేదు. కట్టు అంచు వెంట వేళ్లు నడిపించి చూసింది. నున్నగా ఉంది. లోపల ఎముక ఎక్కడుందో వేళ్లకు చెప్పే దారి లేదు. ఆ సంగతి రెండు వారాల తర్వాత, దీపం ముందు ఫొటో పెడితేనే తెలుస్తుంది. అప్పుడు మళ్లీ ఇదే ఏరు.

గట్టెక్కారు. మొగుడు బండి ఆపి, దిగి, వెనక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. పాప ఏడుస్తోంది. అత్తగారు డబ్బా వెతికి చేతికిస్తే విసిరికొట్టింది.

పిట్ట ఆ డబ్బాను తీసి పక్కన పెట్టి, పాప తలను తన తొడ మీదికి సర్దుకుంది. ముందు దారి పొడవునా వానలకు పడ్డ గుంతలే. వాన మళ్లీ సన్నగా మొదలైంది.

"పోనివ్వండి" అన్నది.